పొగ ఒక ఫైల్లో, చెత్త ఇంకో ఫైల్లో

జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ, విజయవాడ, గుంటూరు సహా 13 నగరాలు, తెలంగాణలో హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు ఆ జాబితాలో ఉన్నాయి. నగరానికో కార్యాచరణ ప్రణాళిక, దాన్ని సమీక్షించే కమిటీ. చెత్త సంగతి చూడటానికి 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు రాష్ట్ర స్థాయిలో వేరే సలహా మండలి పెట్టమన్నాయి, ఆర్నెల్లకోసారైనా కూర్చోమన్నాయి. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ ఎప్పుడో చెప్పింది. కాగితం మీద కమిటీలకు కొదవ లేదు.

చిక్కు ఎజెండా దగ్గర వస్తోంది. గాలి గురించి కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు చెబుతారు, చెత్త గురించి మున్సిపల్ హెల్త్ ఆఫీసరు చెబుతారు. ఒకరి అంకెలు ఇంకొకరికి అక్కర్లేదు. మన ఊళ్లలో మాత్రం ఈ రెండూ ఒకే వీధి మూలన కలుస్తాయి. ఊడ్చిన ఆకులు అక్కడే తగలబడతాయి, కాలువలోంచి తీసిన పూడిక అక్కడే ఎండి దుమ్మవుతుంది, ఇల్లు కూల్చిన మట్టి రాత్రికి రాత్రి అక్కడే వచ్చి పడుతుంది. ఇలాంటి ఏ సలహా కమిటీకీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం లేదు, నిజమే. లెక్క అడగడానికి దానికి అడ్డేమీ లేదు. ఆ పని వదిలేసి యంత్రాలు కొనమని సిఫారసు చేయడమే అలవాటుగా మారింది.

డబ్బు ఎటు పోయిందో చూస్తే ఆ అలవాటు తెలుస్తుంది. ఈ కార్యక్రమం కింద ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము కోసమేనని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పరిశోధన సంస్థ 2024లో లెక్క తేల్చింది. ఆకులు, కట్టెల వంటి బయోమాస్ కాల్చివేత కట్టడికి 14.51 శాతం, వాహనాల పొగకు 12.63, పరిశ్రమలకు 0.61. ఇందులో వింతేమీ లేదు. నగరానికి పెట్టిన లక్ష్యమే పీఎం 10, అంటే గాలిలో 10 మైక్రాన్ల లోపు కణాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 2017-18తో పోలిస్తే 2025-26 నాటికి దాన్ని 40 శాతం తగ్గించాలి, లేదంటే ఏడాది సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల జాతీయ ప్రమాణానికి తేవాలన్నారు. పీఎం 10 బరువులో పెద్ద వాటా ముతక దుమ్ముది. నీళ్లు చల్లితే ఆ అంకె కాస్త దిగుతుంది. చెత్త కాల్చిన పొగలోని కణాలు ఎక్కువ భాగం ఒక మైక్రాన్ లోపువి. అవి తూకానికి తేలిక, ఊపిరితిత్తుల్లో లోతుకు దిగేవి కూడా అవే. వాటర్ ట్యాంకరుకు అవి చిక్కవు. ఈ నగరాలకు కేంద్రం ఇచ్చే స్వచ్ఛ వాయు సర్వేక్షణ్ ర్యాంకుల తీరు కూడా ఇంతే: మార్కుల్లో పీఎం 10 వాస్తవంగా తగ్గినందుకు ఇచ్చేది 2.5 శాతమే, మిగతావన్నీ చేపట్టిన పనులకు. 2023లో మూడు నుంచి పది లక్షల జనాభా నగరాల్లో గుంటూరుకు మూడో ర్యాంకు వచ్చింది. సంతోషమే. ఆ ర్యాంకును గాలి నాణ్యత సర్టిఫికెట్ అనుకుంటేనే పొరపాటు.

దుమ్ము దగ్గరే ఆగి చూద్దాం, అక్కడే డబ్బు ఎక్కువ పోతోంది గనుక. ఎండాకాలంలో తారురోడ్డు మీద చల్లిన నీళ్లు గంట కూడా నిలవవు. నీళ్లు ఆరాక అదే దుమ్ము మళ్లీ టైర్ల కింద నలిగి ఇంకా మెత్తనై లేస్తుంది. స్వీపింగ్ యంత్రాలదీ అదే వరస. బ్రష్షు, పీల్చే గొట్టం సరిగా పనిచేయాలంటే బండి మనిషి నడకకు కాస్త మించిన వేగంతో పోవాలి. బిల్లు కిలోమీటర్ల లెక్కన కట్టే చోట డ్రైవరు అంతకు రెండు మూడింతల వేగంతో పోతాడు. పక్క బ్రష్షు అరిగి డివైడరు అంచును తాకదు. అసలు దుమ్ము ఉండేది ఆ అంచున ఒకటి రెండు అడుగుల మేరే. బ్రష్షు మీద నీళ్లు చిమ్మే నాజిల్ పూడుకుపోతే యంత్రమే దుమ్ము రేపుతుంది. కాబట్టి కమిటీ ఎన్ని కిలోమీటర్లు ఊడ్చారని అడగడం కన్నా, కిలోమీటరుకు ఎన్ని కిలోల మట్టి తూకానికి వచ్చింది, దాన్ని ఎక్కడ పోశారు అని అడగాలి. ఒకే రోడ్డులో నెలలు గడిచినా ఆ కిలోలు తగ్గకపోతే మట్టి ఎక్కడి నుంచో వస్తున్నట్టే. తారు వేయని రోడ్డు పక్క మట్టి అంచు కావచ్చు, టార్పాలిన్ కప్పని ఇసుక లారీలు కావచ్చు, కాలువ పూడిక కావచ్చు.

ఈ కాలువ పూడిక ఏ గాలి నివేదికలోనూ దానికి తగ్గ చోటు దక్కించుకోలేదు. వానాకాలం ముందు తీస్తారు, కాలువ గట్టునే కుప్ప పోస్తారు. తడిగా ఉన్నప్పుడు ట్రాక్టరులో వేస్తే దారంతా కారుతుంది, బరువులో సగం నీళ్లే, అందుకే ఆరనిద్దామంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఆరాక మాత్రం ఎవరూ రారు. తీయడం ఒక పద్దు, తరలించడం ఇంకో పద్దు అయిన చోట ఇది తప్పదు. తీసినవాడి బిల్లు అప్పటికే పాసై ఉంటుంది. వారం రోజుల్లో కుప్పలో సగం రోడ్డెక్కుతుంది, మిగతా సగం మొదటి వానకు మళ్లీ కాలువలోకి జారుతుంది. టెండరులో ఒక్క షరతు చాలు: తీసిన పూడిక 48 గంటల్లో తరలించాలి, డంపింగ్ యార్డు తూకం చీటీ జత చేయకపోతే తీసినందుకూ బిల్లు లేదు. అడుగున చిల్లులున్న ఇనుప తొట్టెలు వార్డుకు రెండు పెడితే నీరు అక్కడే కాలువలోకి దిగిపోతుంది. గాలిలోకి నీటి తుంపర చిమ్మే మిస్ట్ క్యానన్‌తో పోలిస్తే ఇది చిల్లర ఖర్చు. రిబ్బను కత్తిరించడానికి మాత్రం పనికిరాదు.

కాల్చడం సంగతికి వస్తే, 2016 డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 జరిమానా. ఆ జరిమానా పని చేయకపోవడానికి కారణం అగ్గిపుల్ల ఎవరి చేతిలో ఉందో చూస్తే అర్థమవుతుంది. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలే రోజుల్లో పారిశుద్ధ్య కార్మికురాలికి ఊడ్వాల్సిన రోడ్డు పొడవు మారదు, ఆకుల పరిమాణం మాత్రం పెరుగుతుంది. ఇంటింటి చెత్తతో నిండిన ఆటో ఆకులు ఎక్కించుకోదు. ఎక్కించుకున్నా బరువు తూగదు, ట్రిప్పు గిట్టదు. మేస్త్రి వచ్చేలోగా రోడ్డు శుభ్రంగా కనబడాలి. ఇక మిగిలేది అగ్గిపెట్టే. పైగా ఆ పని జరిగేది తెల్లవారాక గంటా రెండు గంటల్లో. చలికాలం ఆ వేళ నేలను అంటుకున్న చల్లటి గాలిపై వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది, పొగ పైకి పోదు. మధ్యాహ్నం కాల్చిన దానికన్నా ఉదయం కాల్చింది ఎక్కువ మంది ముక్కుల్లోకి పోతుంది.

కొలిచే యంత్రాలు ఈ మంటల్ని పట్టుకోలేవు. మాన్యువల్ కేంద్రాల్లో వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు 24 గంటల సగటు తీస్తారు. అరగంట మంట ఆ సగటులో కరిగిపోతుంది. వీర్స్ ఉపగ్రహ సెన్సరు మంటల్ని 375 మీటర్ల గడుల్లో చూస్తుంది, మన మీదుగా పోయేది సుమారు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, రాత్రి ఒంటిగంటన్నరకు. ఉదయం ఏడింటి ఆకుల మంట దానికి ఆనదు. కాబట్టి డివిజన్ వారీగా మంటల రిజిస్టరు పెట్టాల్సిందే: ఎక్కడ, ఏ వేళ, ఏం కాలింది. ముఖ్యంగా ఏం కాలిందన్నది. ఆకులైతే ఒక మందు, ప్లాస్టిక్ రేపర్లైతే ఇంకొకటి, కేబుల్ వైర్లైతే మరొకటి.

ఆకులకు మందు సులువు. మీటరు వ్యాసం, నాలుగడుగుల ఎత్తున ఇనుప వల చుట్టి పార్కు మూలనో, డివైడరు వెడల్పుగా ఉన్న చోటో నిలబెడితే తొక్కుతూ నింపడానికి దాదాపు ఒక ఘనపు మీటరు చోటు. ఎండుటాకులో కర్బనం మరీ ఎక్కువ, నత్రజని తక్కువ. రెండు మూడు గంపల ఆకుకు ఒక గంప కూరగాయల చెత్తో, పేడో కలిపితే కర్బన నత్రజని నిష్పత్తి 30కి 1 దగ్గరికి వస్తుంది. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉండాలి. అలా నడిస్తే మూడు నుంచి ఆరు నెలల్లో ఎరువు. ముందే ముక్కలు చేస్తే ఇంకా తొందరగా. ఈ వలలు చెడేది ఒకే చోట: ప్రారంభించిన రోజు ఫొటో దిగుతారు, నీళ్లు పోసే బాధ్యత ఎవరికీ రాసివ్వరు. ఎండిన వల నిలువెత్తు చితుకుల పొయ్యి, ఎవరో ఒకరు అంటిస్తారు. ఆ డ్యూటీ ఉద్యానవన విభాగం మాలికి పేరు పెట్టి రాయాలి.

కొబ్బరి బొండాలు మన తీర నగరాలకు ప్రత్యేకమైన తలనొప్పి. నీళ్లు నిండి బరువు, పీచు వల్ల కుళ్లవు, కంపోస్టు కుప్పలో వేస్తే జల్లెడకు అడ్డం పడతాయి. పక్కన పడేస్తే ఎండి మంటకు పనికొస్తాయి. వాటిని విడిగా సేకరించి ముక్కలు చేసే యంత్రానికి పంపాలి. బ్లేడ్లు తొందరగా మొద్దుబారతాయి గనుక నిర్వహణ ఖర్చు ముందే కలుపుకోవాలి.

రేపర్ల కథ వేరు. పెట్ బాటిళ్లు, అట్టపెట్టెలు, ఇనుము, అల్యూమినియం డంపు దాకా రావు. పాత సామాన్ల దుకాణం వాటిని ముందే లాగేస్తుంది. మిగిలేవి బిస్కెట్ రేపర్లు, షాంపూ ప్యాకెట్లు, పల్చటి కవర్లు, థర్మోకోల్. ఎవరూ కొనరు కాబట్టి కాలతాయి. 2016 నిబంధనల ప్రకారం కిలోకు 1,500 కిలోకేలరీలు దాటిన, రీసైకిల్ కాని చెత్తను పూడ్చకూడదు, ఇంధనంగా వాడాలి. సిమెంటు బట్టీ ఉష్ణోగ్రత 1,400 డిగ్రీల పైమాటే, నల్గొండ, పల్నాడు, కడప, నంద్యాలలో బట్టీలూ ఉన్నాయి. అయినా ఎందుకు పోవు? విడిగా వేస్తే లారీ నిండుతుంది గానీ బరువు తూగదు, అందుకే బేలింగ్ ప్రెస్‌తో గడ్డలు కట్టాలి. తడి, మన్ను ఉంటే బట్టీవాళ్లు వెనక్కి పంపుతారు. పీవీసీ కలిస్తే క్లోరిన్ వల్ల బట్టీలో గట్టి పొర పేరుకుంటుంది, ససేమిరా వద్దంటారు. ఇదంతా ఇంటి దగ్గర తడి, పొడి కలవకుండా ఉండటం మీదే ఆధారపడి ఉంది. అందుకే చెత్త వేరు చేయడం గాలికి సంబంధించిన పని.

వైర్లు కాల్చేది రాగి కోసం. లావు కేబుళ్లను పొట్టు తీసే యంత్రంతో ఒలవచ్చు, సన్నని వైర్లకు ఆ కూలి గిట్టదు. పీవీసీ పొట్టు మంటలో హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు అనే విష పదార్థాలు వస్తాయి. దుకాణాల మీద దాడులు చేస్తే పని ఊరి చివరికి మారుతుందంతే. సన్నని వైరును అదే ధరకు కొనే లైసెన్సు ఉన్న ఈ-వేస్ట్ సంస్థను దుకాణాలతో కలిపితేనే మంట ఆగుతుంది. సలహా కమిటీలో పాత సామాన్ల వ్యాపారి ఒకరు ఉండాలనడానికి కారణం ఇదే. ఇంతవరకు రెసిడెంట్ అసోసియేషన్ల పెద్దలు, ప్రొఫెసర్లు కనబడ్డారు గానీ ఆయన కనబడటం అరుదు.

ఇప్పుడు తూకం చీటీలు. రోజుకు 10 టన్నుల చెత్త వచ్చే డివిజన్ ఉందనుకుందాం. అందులో తడి ఐదున్నర టన్నులు, పొడి రెండున్నర, మిగతాది మన్నూ మశానం. ఐదున్నర టన్నుల తడిచెత్త కంపోస్టయితే నీరు, కార్బన్ డయాక్సైడ్ పోగా చేతికొచ్చేది 15 నుంచి 20 శాతం, అంటే టన్ను లోపు లేదా కాస్త అటూ ఇటూ. నివేదికలో రెండు మూడు టన్నుల ఎరువు అని రాస్తే అందులో మన్ను కలిసిందన్నమాట. పావు టన్నే అని రాస్తే తడిచెత్తలో చాలా భాగం కేంద్రానికి చేరనే లేదు. పొడి చెత్త కేంద్రంలో అమ్మింది 300 కిలోలు, ఇంధనంగా పంపింది 500 కిలోలైతే మిగిలిన 1,700 కిలోలు ఎక్కడ? కొంత దారిలోనే అమ్ముడై ఉంటుంది, కొంత డంపుకు పోయి ఉంటుంది, కొంత కాలి ఉంటుంది. ఆ మూడింట్లో ఏది ఎంతో తేల్చడానికే మంటల రిజిస్టరును ఈ పట్టిక పక్కన పెట్టి చూడాలి. రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీదకు రావాలనేది ఇందుకే.

చెత్త నుంచి కరెంటు వస్తోంది కదా అంటారు. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 19.8 మెగావాట్లతో 2020లో ప్లాంటు మొదలైంది, విశాఖ కాపులుప్పాడలో 15 మెగావాట్లది ఉంది, గుంటూరు దగ్గరా ఉంది. వీధిలో కాల్చే దానికన్నా అదుపులో కాల్చడం మేలే, అయితే తడిచెత్త కలిపి పంపితే కొలిమి వేడి పడిపోతుంది. వేడి పడిపోయినప్పుడే పొగ చెడుతుంది. చిమ్నీ వద్ద ఘనపు మీటరుకు ధూళి 50 మిల్లీగ్రాములు, డయాక్సిన్లు 0.1 నానోగ్రాము మించకూడదని 2016 నిబంధనలు చెప్పాయి. ధూళి ఆన్‌లైన్‌లో నిమిషం నిమిషం కనిపిస్తుంది. డయాక్సిన్లకు ఆరు నుంచి ఎనిమిది గంటల పాటు నమూనా తీసి ల్యాబుకు పంపాలి. కాబట్టి కమిటీ అడగాల్సింది ఆ నమూనా తేదీ, ఆ రోజు కొలిమిలో పడ్డ చెత్త తేమ శాతం.

కూల్చిన మట్టి గురించి క్లుప్తంగా. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో రోజుకు 500 టన్నుల చొప్పున శుద్ధి చేసే ప్లాంట్లు వచ్చాయి. చెరువు గట్టున రాత్రి పోసే ట్రాక్టరుకు ప్లాంటు గేటు దాకా డీజిల్ దండగ, అంతే సమస్య. ఇల్లు కట్టే అనుమతిలోనే కూల్చే మట్టి రుసుము కట్టించుకుని, గేటు చీటీ చూపించాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇస్తే దారి మళ్లుతుంది.

ఇక సమావేశం ఎప్పుడు పెట్టాలన్నది. ఆర్థిక సంవత్సరం చివర మార్చిలో పెడితే నిధులు ఖర్చు చూపే తొందరే మిగులుతుంది. అసలు సమావేశం దసరాకు ముందు జరగాలి. అప్పటికి పూడిక పని అయిపోయి ఉంటుంది, ఎంత ఎత్తారో తూకంలో తెలుస్తుంది. చలికాలపు పొగకు రెండు నెలల వ్యవధి ఉంటుంది. భోగి మంటల్లో టైర్లు, ప్లాస్టిక్ వేయొద్దని జనవరి 12న పత్రికా ప్రకటన ఇస్తే ఎవరికీ పట్టదు. పంక్చర్ షాపుల నుంచి పాత టైర్లను డిసెంబరులోనే డివిజన్ వారీగా ఎత్తేసి, చలికాలమంతా కొట్టేసిన చెట్టు కొమ్మలు డంపుకు పంపకుండా ఆరబెట్టి, భోగి ముందు రోజు వీధి కూడళ్లలో దించితే పిల్లలు టైరు కోసం వెతకరు. ఎన్ని టైర్లు ఎత్తారో, ఎన్ని ట్రాక్టర్ల కొమ్మలు దించారో సంక్రాంతి అయ్యాక జరిగే సమావేశంలో మొదటి పద్దుగా రావాలి.