ముందుగా కొన్నవాడికే తక్కువ పరిహారమా?

విమానంలో ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మడాన్ని మన దేశంలో ఏ నిబంధనా నిషేధించలేదన్న సంగతి చాలామందికి చెక్-ఇన్ కౌంటరు దగ్గర నిలబడ్డాకే తెలుస్తుంది. టికెట్ కొన్నవారిలో కొందరు ఎలాగూ రారన్న విమానయాన సంస్థల అంచనాను నేను తప్పుపట్టను. అందరూ వచ్చిన రోజున ఆ అంచనా తప్పిన భారాన్ని ఎవరు మోయాలన్నదే నా పేచీ. ఆర్టీసీ బస్సులో ఒకే రిజర్వేషన్ సీటును ఇద్దరికి ఇస్తే డిపో మేనేజరు దాకా గొడవ వెళ్తుంది. ఇక్కడ మాత్రం 'ఆపరేషనల్ కారణాలు' అన్న మాటతో నోరు మూయిస్తారు.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం సంస్థ ముందుగా స్వచ్ఛందంగా ఆగిపోయేవారు ఉన్నారేమో అడగాలి. ఎవరూ ముందుకు రాక, సమయానికి వచ్చిన ప్రయాణికుణ్ణి ఆపేస్తే, గంటలోపు బయలుదేరే మరో విమానం చూపితే సరే, పరిహారం అక్కర్లేదు. 24 గంటలలోపుదైతే బేసిక్ ఫేరు (పన్నులు కలపని మూల టికెట్ ధర), ఇంధన చార్జీ కలిపిన మొత్తానికి రెట్టింపు, గరిష్ఠంగా రూ. 10,000 చెల్లించాలి, అంతకు మించితే నాలుగు రెట్లు, గరిష్ఠంగా రూ. 20,000.

వినడానికి బాగానే ఉంది గానీ, అసలు మెలిక ఆ 'బేసిక్ ఫేరు'లోనే ఉంది. నెలల ముందు చవకగా కొన్నవాడి బేసిక్ ఫేరు, ఇంధన చార్జీ కలిపి రూ. 2,500 అనుకుంటే, 24 గంటలలోపు మరో విమానం చూపితే అతనికి వచ్చేది రూ. 5,000. అదే సీటును చివరి రోజున రూ. 12,000కు అమ్ముకున్న సంస్థకు పరిహారం చెల్లించాక కూడా లాభమే మిగులుతుంది.

ఆ పరిహారమైనా అడగకుండా ఇస్తారన్న నమ్మకం నాకు లేదు. 2022 జూన్‌లో బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీలలో తనిఖీలు జరిపిన తర్వాత డీజీసీఏ ఎయిర్ ఇండియాకు రూ. 10 లక్షల జరిమానా విధించింది. చెల్లుబాటయ్యే టికెట్లు ఉన్నవారిని ఎక్కనివ్వకపోవడమే కాక, పరిహారమూ ఇవ్వడం లేదని తేల్చింది. అమెరికాలో 2017లో యునైటెడ్ విమానంలోంచి ఒక వైద్యుణ్ణి ఈడ్చుకెళ్లిన వీడియో ప్రపంచమంతా చూశాక, స్వచ్ఛందంగా సీటు వదులుకునేవారికి 10,000 డాలర్ల దాకా ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. మన దగ్గర గేటు వద్ద అలాంటి బేరం నేనెన్నడూ వినలేదు.

దీనికి తోడు అప్‌గ్రేడ్ల వ్యాపారం ఒకటి. 'సీటు గేటు దగ్గర ఇస్తాం' అని రాసిన కాగితం చేతిలో ఉండగానే, బిజినెస్ క్లాసు కోసం వేలం పాడమని అదే సంస్థ నుంచి నా ఫోనుకు సందేశం వచ్చింది. నాకు సీటుందో లేదో చెప్పలేనివారు మెరుగైన సీటు ఎలా అమ్ముతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. (డబ్బు కట్టి కొన్న పై తరగతి నుంచి కిందికి దించితే, దేశీయ ప్రయాణంలో పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం తిరిగి ఇవ్వాలని 2023 నుంచి నిబంధన ఉంది, అలా దించితే వదలకుండా అడగండి.)

ఎక్కనివ్వకపోతే కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోండి, విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేయండి. డీజీసీఏ మాత్రం పరిహారాన్ని మన బేసిక్ ఫేరుతో కాక, ఆ విమానంలో అమ్ముడైన అత్యధిక టికెట్ ధరతో ముడిపెట్టాలి. అప్పుడు లేని సీటును చివరి నిమిషంలో అమ్మే ముందు సంస్థ తన నష్టాన్ని కూడా లెక్క వేసుకోవలసి వస్తుంది.