అభిమానం చాటున అంకెలు

మనకు నచ్చిన కంపెనీ కారైతే ప్రకటనలోని అంకె వేదవాక్కు, పక్కవాడి కారైతే అదే అంకె బూటకం. విద్యుత్ కార్ల రేంజ్ (ఒక్క ఫుల్ ఛార్జితో పోయే దూరం) గురించి సాగుతున్న వాదులాటలో ఇంతకు మించిన సారం కనిపించడం లేదు. దేశీయ సంస్థలు కనుక టాటా, మహీంద్రాలను వేలెత్తి చూపరాదన్నది ఒక వర్గం మాట. శ్రీపెరుంబుదూరు హ్యుందాయ్‌కి, మన పెనుకొండ కియాకు వకాల్తా పుచ్చుకున్నది మరో వర్గం. ఫుల్ ఛార్జితో బండి నిజంగా ఎంత దూరం పోతుందన్న ప్రశ్న మాత్రం ఈ రెండు వర్గాలకూ పట్టలేదు.

2024 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన టాటా కర్వ్ ఈవీ పెద్ద బ్యాటరీ రకానికి ప్రకటించిన రేంజ్ 585 కిలోమీటర్లు. వాస్తవ వినియోగంలో 400 నుంచి 425 వరకు వస్తుందని చెప్పిందీ టాటా సంస్థే. మొదటి అంకెను నమ్మి హైదరాబాద్ నుంచి బయల్దేరినవారు బెజవాడ వెళ్లి, మళ్లీ ఇంటికి చేరుకోవచ్చనుకుంటారు. రెండో అంకె ప్రకారం తిరుగు ప్రయాణంలో సూర్యాపేట చేరేసరికే బ్యాటరీ అడుగంటుతుంది. మహీంద్రా బీఈ 6 పెద్ద బ్యాటరీకి ధ్రువీకరించిన రేంజ్ 682 కాగా, రోడ్డుపై 500 దాటుతుందన్నది ఆ కంపెనీ మాట. చిన్న అంకెనూ బయటపెట్టినందుకు ఈ రెండు సంస్థలను మెచ్చుకోవచ్చు. కానీ పెద్ద అంకె హోర్డింగుకెక్కితే చిన్న అంకె కింది వరుసల్లో సర్దుకుంటోంది. 2025లో విడుదల వేళ క్యారెన్స్ క్లావిస్ ఈవీకి కియా చెప్పిన 490, క్రెటా ఎలక్ట్రిక్‌కు హ్యుందాయ్ చెప్పిన 473 కూడా అదే కొలబద్దతో కొలిచినవే కనుక, ఎగతాళి చేసే అర్హత ఆ అభిమానులకూ లేదు.

రేంజ్‌ను ధ్రువీకరించే మన అధికారిక పరీక్షే ఆ కొలబద్ద, దాని సంగతీ చూడాలి. ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, బండిని నడుపుతారు. పరీక్షలోని నగర భాగంలో వేగం 50 కిలోమీటర్లు దాటదు, సగటు 20 కూడా ఉండదు. రహదారి భాగంలోనూ గరిష్ఠ వేగం 90. మే నెలలో మిట్టమధ్యాహ్నం నార్కట్‌పల్లి దాటుతూ, నలుగురితో, ఏసీ పెట్టుకుని వంద మీద పోయే కుటుంబానికీ ఈ పరీక్షకూ సంబంధమేమిటో అధికారులే చెప్పాలి. అమెరికాలో ప్రయోగశాలలో 100 వస్తే, కంపెనీ అదనపు పరీక్షలకు సిద్ధపడకపోతే, 70గానే లెక్కకడతారు. ఎంత దూరానికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో అక్కడ కారు అద్దానికి అంటించే చీటీ మీదే ఉంటుంది.

ఏ పరీక్షైనా బండ్లను పోల్చుకోవడానికే, డ్రైవరు తీరును బట్టి అంకె మారుతుంది, పెట్రోలు కార్ల మైలేజీ కూడా అంతే కదా అన్న వాదన ఉంది. పెట్రోలు అయిపోతే పది కిలోమీటర్లలో బంకు దొరుకుతుంది, అయిదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. ఈ వాదనకు అంతకు మించి జవాబు అక్కరలేదు.

మాకు ఆందోళన కలిగిస్తున్నది ఈ రెండు నాల్కల ధోరణే. 2021 మార్చిలో టాటా నెక్సాన్ ఈవీ 312 కిలోమీటర్ల రేంజ్‌పై ఫిర్యాదు రాగా ఢిల్లీ ప్రభుత్వం ఆ కారుకు సబ్సిడీని నిలిపివేసింది, హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. పరీక్షనే బోనులో నిలబెట్టాల్సిన వివాదం ఒక కంపెనీ గొడవగా తేలిపోయింది. ఆనాడు నెక్సాన్‌ను చూసి నవ్వినవారు తమ కంపెనీ బండి వచ్చాక అదే కొలతను నెత్తిన పెట్టుకున్నారు. ఆనాడు కొలతను తప్పుపట్టవద్దన్నవారు ఇప్పుడు ఎదుటివారి అంకెల్లో ఈకలు పీకుతున్నారు.

పైగా ఇది కొన్నవారి సొంత వ్యవహారమేమీ కాదు. విద్యుత్ వాహనాలకు తెలంగాణ ప్రభుత్వం 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేసింది. వదులుకుంటున్నది ప్రజల సొమ్ము. గడువు పెంచాలని కంపెనీలు అడిగినప్పుడు, రోడ్డు మీద వచ్చే రేంజ్‌ను పెద్ద అంకెంత అక్షరాల్లోనే ప్రకటనలో అచ్చువేయాలన్న షరతు పెట్టడానికి ప్రభుత్వానికి ఎవరి అనుమతి కావాలి? ఇక అభిమానులారా, మీ ఆరాధ్య కంపెనీయే 400 అంటుంటే 585 అని వాదించడానికి మీకేమైనా జీతమిస్తున్నారా?