స్తంభం మీద మీటరు చాలదు, ఫిల్టర్ కావాలి

2017 సెప్టెంబరు నెలాఖరు. యూరప్ మీదుగా రుథీనియం-106 అనే రేడియోధార్మిక పదార్థపు మేఘం ఒకటి చప్పుడు లేకుండా సాగిపోయింది. జర్మనీలోనే గామా కిరణాలను కొలిచే మీటర్లు 1,700 దాకా రాత్రింబవళ్లు పనిచేస్తుంటాయి. ఒక్కటీ ఉలకలేదు. ఆ మేఘాన్ని పట్టింది ఫిల్టర్లు. ఇటలీ, ఆస్ట్రియా, చెక్, రుమేనియా ప్రయోగశాలల్లో పంపు కింద పెట్టిన మామూలు వడపోత కాగితాలు.

రుమేనియాలో కనిపించిన గరిష్ఠం ఘనపు మీటరుకు 176 మిల్లీబెక్వెరెళ్లు (బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక అణువు విచ్ఛిన్నం కావడం, మిల్లీ అంటే అందులో వెయ్యో వంతు). మనం రోజూ పీల్చే గాలిలో, నేలలోంచి వచ్చే రాడాన్ వాయువు విచ్ఛిన్నమై పుట్టే సంతతి దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. అలాంటప్పుడు స్తంభం మీది మీటరు ఎందుకు కదులుతుంది? దూరాన అణు ప్రమాదం జరిగిందనగానే గైగర్ కౌంటర్‌ను కెమెరా ముందు పెట్టి "అంతా మామూలే" అనడం, లేదా అదే కౌంటర్ చూపించి జనాన్ని బెదరగొట్టడం, రెండూ ఒకే అజ్ఞానం. భీమిలి తీరంలో థోరియం ఖనిజమైన మోనజైట్ ఉన్న ఇసుక మీద పెడితే ఆ కౌంటర్ ఏ ప్రమాదం లేకుండానే ఎక్కువ చూపిస్తుంది. హైదరాబాద్ గ్రానైట్ బండ మీద పెట్టినా అంతే. గట్టి వాన పడితే గాలిలోని రాడాన్ సంతతి అయిన సీసం-214, బిస్మత్-214 నేలకు దిగి అంకె ఒక్కసారిగా లేస్తుంది. వాటి అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, అరగంట లోపే కాబట్టి, వాన వెలిసిన రెండు మూడు గంటలకు మళ్లీ పడిపోతుంది. ఈ ఎత్తుపల్లాల మధ్య అణు ప్రమాదం నుంచి వేల కిలోమీటర్లు దాటి వచ్చిన పిసరంత రేడియోధార్మిక సీజియాన్ని వెతకడమంటే జాతరలో గుసగుస వినబోవడమే.

ఫిల్టర్ పని వేరు. గంటకు 600 ఘనపు మీటర్లు లాగే పంపు వారం రోజుల్లో లక్ష ఘనపు మీటర్ల గాలిని ఒక్క కాగితం గుండా పంపిస్తుంది. ఆ కాగితాన్ని ప్రెస్‌లో బిళ్లగా నొక్కి, పది సెంటీమీటర్ల మందం సీసపు గూడులో, ద్రవ నత్రజనితో చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టర్ మీద పెడతారు. ఒక్కో పదార్థం తనదైన గామా శక్తి దగ్గర శిఖరంగా, అంటే గీతగా కనబడుతుంది. మైక్రోబెక్వెరెళ్లు కూడా దొరుకుతాయి.

తప్పులు జరిగేదీ ఇక్కడే. తీసిన వెంటనే లెక్కిస్తే రాడాన్‌కు తోబుట్టువైన థోరాన్ సంతతి సీసం-212 చిన్న శిఖరాలను ముంచేస్తుంది. దాని అర్ధాయువు 10.6 గంటలు కాబట్టి కనీసం ఒక రోజు ఆగాలి. అత్యవసరమైతే ఇప్పుడోసారి, రేపోసారి లెక్కించాలి. వేసవిలో దుమ్ముకు కాగితం మూసుకుపోయి ప్రవాహం సగానికి పడిపోతుంది. ఆపరేటర్ పంపు మీద అచ్చువేసిన అంకెతోనే భాగిస్తే గాఢత ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది, అంటే తప్పు ఎప్పుడూ "భయం లేదు" వైపే ఒరుగుతుంది. దీన్ని పట్టేందుకు ప్రకృతే ఒక సాక్షిని పెట్టింది. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే బెరీలియం-7 ప్రతి ఫిల్టర్‌లోనూ 478 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (గామా శక్తి కొలత) దగ్గర కనబడాలి. అది కనబడని నివేదికలో "సీజియం లేదు" అని రాసి ఉంటే ఆ నివేదికను నమ్మకండి. ఆ వారం పంపు నడవలేదు.

డిటెక్టర్‌లోనూ పీనాసితనం పనికిరాదు. రుథీనియం-106 తానుగా గామా ఇవ్వదు, దాని బిడ్డ రోడియం-106 ఇస్తుంది. దానికి 512 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గట్టి గీతే ఉంది గానీ, పాజిట్రాన్ల వల్ల ఎప్పుడూ ఉండే 511 గీత దానిలో కలిసిపోతుంది. నమ్మదగ్గది 622. సీజియం-137 గీత 662. చవకైన సోడియం అయొడైడ్ స్ఫటికానికి ఆ ప్రాంతంలో 45 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల చిల్లర మసక ఉంటుంది. అంటే రెండు గీతలూ దానికి ఒక్కటే. జెర్మేనియానికి మసక రెండు లోపే. 2017లో యూరప్ చేతిలో సోడియం అయొడైడ్ ఒక్కటే ఉండి ఉంటే, దొరికింది సీజియమనుకుని ఏ రియాక్టర్ పేలిందా అని వెతుకుతూ కూర్చునేది.

సీజియం, అయోడిన్ జాడ లేకుండా రుథీనియం మాత్రమే దొరికిందంటే అది రియాక్టర్ ప్రమాదం కాదు, వాడిన ఇంధనాన్ని శుద్ధి చేసే చోటు. గాలివాటాన్ని వెనక్కి లెక్కగడితే దక్షిణ ఉరల్స్ తేలింది. అక్కడ ఉన్నది మయాక్ ఇంధన శుద్ధి కేంద్రం, 1957 అణు ప్రమాదం జరిగిన చోటు. విడుదలైంది దాదాపు 250 టెరాబెక్వెరెళ్లని అంచనా. రష్యా అణు సంస్థ మాకేం తెలియదంది, కూలిన ఉపగ్రహమంటూ ఒక కథ కూడా తిరిగింది. అదే దేశపు వాతావరణ శాఖ మాత్రం, మయాక్‌కు దగ్గరి అర్గయాష్‌లో సెప్టెంబరు నెలాఖరున రుథీనియం అంతకు ముందు నెలకంటే 986 రెట్లు నమోదైందని నవంబరులో చెప్పింది. తర్వాత వియన్నాలో దాచి ఉంచిన ఫిల్టర్‌లోని స్థిర (రేడియోధార్మికత లేని) రుథీనియం ఐసోటోపులను పరీక్షిస్తే, వాటి పాళ్లు రష్యన్ తరహా వీవీఈఆర్ రియాక్టర్ వాడిన ఇంధనంతో సరిపోలాయి. ఒప్పుకోలు ఇప్పటికీ లేదు. కానీ కాగితం ఉంది.

ఫుకుషిమా నేర్పిన పాఠం ఇంకోటి. 2011లో యూరప్ చేరిన అయోడిన్-131లో సుమారు మూడొంతులు వాయురూపంలో ఉంది, అది కాగితంలోంచి జారిపోతుంది. వెనక ఆ వాయువును పట్టే బొగ్గు కార్ట్రిడ్జ్ లేకపోతే నాలుగింట మూడు పాళ్లు లెక్కకే రావు. అలాగే సీజియం-134, 137 నిష్పత్తి ఫుకుషిమాలో ఒకటికి ఒకటి, చెర్నోబిల్‌లో సగం. 134 త్వరగా తరిగిపోతుంది కాబట్టి కొత్త మసో, పాత మసో ఆ నిష్పత్తే చెబుతుంది. అయితే ముందటి ఏళ్ల ఫిల్టర్లు లేని చోట అరవైల నాటి బాంబు పరీక్షల సీజియమే కొత్త ప్రమాదంలా కనిపించవచ్చు.

ఇంత తక్కువ మోతాదుతో ఎవరికీ హాని లేదు కదా, అంకెలు బయటపెడితే అనవసరపు గాభరా కదా అంటారు. మొదటి మాట నిజమే. రెండోది తలకిందులు. 2011 మార్చిలో ఫుకుషిమా భయంతో, రేడియేషన్ నుంచి కాపాడుతుందని నమ్మి, చైనాలో జనం అయోడైజ్డ్ ఉప్పు కోసం దుకాణాల మీద పడ్డారు. వాళ్లను పరుగెత్తించింది అంకె కాదు, పుకారు.

మన సంగతికి వద్దాం. భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే రేడియేషన్ పర్యవేక్షణ వ్యవస్థ ఐఈఆర్‌మాన్‌కు దేశమంతా వందల గామా మీటర్లున్నాయి. మన ప్లాంటులోనే ఏదైనా జరిగితే అవి అక్కరకొస్తాయి, దూరపు ప్రమాదానికి కాదు. అణు పరీక్షల నిషేధ ఒప్పందం కింద ప్రపంచంలో 80 రేడియోన్యూక్లైడ్ స్టేషన్లు ఏర్పాటు కావాలి, రోజంతా గాలి పట్టి, ఒక రోజు ఆగి, ఒక రోజు లెక్కించేవి. ఆ ఒప్పందంలో మనం సంతకం చేయలేదు, కాబట్టి ఆ రోజువారీ లెక్కలు మనకు హక్కుగా రావు. అలాంటప్పుడు సొంత ఫిల్టర్ల ఫలితాలు మరింత బాహాటంగా ఉండాలి. అణు విద్యుత్ కేంద్రాల దగ్గర సర్వే లాబొరేటరీలు గాలి, పాలు, మట్టి, చేప అన్నీ పరీక్షిస్తాయి, ఆ పనిలో నిపుణులకూ లోటు లేదు. కానీ సామాన్యుడి దాకా వచ్చేది "పరిమితి లోపే ఉంది" అన్న ఒక్క మాట. ఎంతలో ఎంత, ఏ వారం, పరికరం పట్టగల కనిష్ఠం ఎంత?

ఇది అణువుకే పరిమితమైన జబ్బు కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ విషవాయువు కమ్మేసినప్పుడు సైరన్ మోగలేదు. జనానికి చెప్పింది వాళ్ల ముక్కులే. కొలిచే యంత్రం కొలిపించుకునేవాడి గదిలోనే ఉండిపోతే ఎక్కడైనా ఇదే.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది, కాంక్రీటు ఇంకా పడలేదు. ఇప్పుడే అక్కడొక పంపు, ఒక బొగ్గు కార్ట్రిడ్జ్, చదరపు మీటరు వాన గరాటు పెట్టి, దగ్గరి పాడి నుంచి నెలకో లీటరు పాలు తీసుకోవాలి. ప్రతి సోమవారం అంకెలు తెలుగులో పెట్టాలి, ఏమీ దొరకని వారం కూడా, పక్కనే బెరీలియం-7 ఎంతో రాసి. లెక్క అయ్యాక ఫిల్టర్లు పారేయకుండా, తేదీ వేసి కవరులో దాచాలి.