దేవుడి కేసులో మహిమల సాక్ష్యం

దేవుడు ఉన్నాడా లేడా అన్న కేసు వేల ఏళ్లుగా వాయిదాల మీద నడుస్తోంది. తేలకపోవడానికి కారణం సాక్షులు కరువై కాదు. మహిమలు కోకొల్లలు. అడ్డుపడుతున్నదల్లా హేతువాదుల కొంటె ప్రశ్నలే అని నా నిశ్చితాభిప్రాయం.

ఈ అల్లరికి ముఖ్య బాధ్యుల్లో డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లాండ్ తత్వవేత్త ఒకడు. ప్రకృతి నియమం తలకిందులైందనుకోవడం తేలికా, చెప్పినవాడు పొరబడ్డాడనో అబద్ధమాడాడనో అనుకోవడం తేలికా చూసుకోమని 1748లోనే మెలిక పెట్టాడు. ఇదేం మర్యాద? పొరబడ్డావంటే మనిషి నొచ్చుకుంటాడు. గురుత్వాకర్షణ నొచ్చుకోదు. తప్పు దాని మీదికి నెట్టడమే సంస్కారం.

ఫ్రాన్స్‌లోని లూర్డ్స్ పుణ్యక్షేత్రంలో స్వస్థతలను పరిశీలించడానికి డాక్టర్లతో ఒక కార్యాలయం 1883 నుంచీ ఉంది. ఏడు వేలకు పైగా కేసులు వస్తే, 2018 నాటికి చర్చి మహిమలుగా ఒప్పుకున్నవి 70. మిగతావాటిని కొట్టేసింది నాస్తికులు కాదు, భక్తులే. సరే, ఆ 70లో తెగిన కాలు మళ్లీ మొలిచిన సంఘటన ఒక్కటైనా ఉందా అని అడుగుతారు. లేదు. బల్లికి తెగిన తోక మొలిపించే చేతికి మనిషి కాలు ఓ లెక్కా? కానీ అంత స్పష్టంగా చూపిస్తే నమ్మకానికి పనేముంటుంది? కాబట్టి మంచి సాక్ష్యం ఎప్పుడూ కాస్త మసగ్గానే ఉండాలి.

1995 సెప్టెంబర్ 21న వినాయక విగ్రహాలు పాలు తాగాయి. శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలు పట్టి, అవి విగ్రహం ఒంటి మీదుగా కిందికి జారడం చూపించి, ద్రవం పైపొరను బిగించి ఉంచే తలతన్యత, సన్నని సందుల్లోకి ద్రవాన్ని లాగే కేశనాళికీయత అని ఏవో పేర్లు చెప్పారు. ఆ తలతన్యతను సృష్టించిందెవరండీ? సూత్రం ప్రకారం జరిగితే సృష్టికర్త ఘనత, సూత్రం తప్పితే మహిమ. ఏం జరిగినా ఓడిపోని వాదన ఇది. విమానం కూలి ఒక్కడు బతికితే వాడు మన సాక్షి. మిగతా ప్రయాణికులను క్రాస్ ఎగ్జామిన్ చేసే వీలు ఎలాగూ లేదు.

శ్రీలంకలో ఉండి హేతువాదాన్ని ప్రచారం చేసిన అబ్రహాం కోవూర్, మోసం జరగని పరిస్థితుల్లో మహిమ చూపించినవారికి లక్ష రూపాయలిస్తానని 1963లో సవాలు విసిరాడు. 1978లో ఆయన పోయేదాకా ఆ సొమ్ము ఎవరికీ దక్కలేదు. మహిమాన్వితులకు డబ్బు మీద వ్యామోహం ఉండదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? కానుకల సంగతి వేరు.

ఇక ఒకే ఒక చిక్కు. ప్రతి మతానికీ తన మహిమలున్నాయి, ప్రతి మహిమా తన దేవుడి పేరే చెబుతుంది. దీనికి నా దగ్గర తేలికైన పరిష్కారం ఉంది. మన దగ్గర జరిగితే మహిమ, అవతలివాళ్ల దగ్గర జరిగితే గారడీ. అవతలివాళ్లు కూడా అచ్చం ఇదే పద్ధతి పాటిస్తున్నారని తెలిసింది. ఎంత మూర్ఖత్వమో చూడండి.