లేఅవుట్ ప్లాన్‌లో బడి ఉంది, వీధిలో లేదు

2009లో బెంగళూరు తూర్పున కృష్ణరాజపురం అవతల 30×40 సైటు కొన్నప్పుడు అమ్మినాయన మా చేతిలో పెట్టిన జిరాక్సు కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అందులో మా వీధి చివర ఒక పెద్ద చతురస్రం గీసి మధ్యలో కన్నడంలో ‘శాలె’, అంటే బడి అని, పక్కనున్న త్రికోణంలో ‘పార్కు’ అని రాసి ఉంటుంది. ఈ రోజు ఆ చతురస్రంలో నాలుగంతస్తుల పీజీ హాస్టల్ నడుస్తోంది, త్రికోణంలో నీళ్ల ట్యాంకర్లు నిలుపుకుంటున్నారు. మమ్మల్ని మోసం చేశారని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ కాగితం మీద ఏ అధికార సంస్థ ముద్రా లేదని తెలిసే కొన్నాం. మదనపల్లెలో అమ్మిన ఎకరంన్నర పొలం డబ్బుతో బెంగళూరులో ముద్ర ఉన్న సైటు రాదు కాబట్టి కొన్నాం. ఈ వైపు స్థిరపడిన తెలుగువాళ్లలో ఎంతోమంది కథ దాదాపు ఇదే.

నా బాధ వేరే. కొన్నేళ్లుగా ఇల్లు, కరెంటు, బడి గురించి రాష్ట్రమూ కేంద్రమూ తెస్తున్న ప్రతి పథకమూ నా సైటును వేరుగా, నా మీటరును వేరుగా, నా బిడ్డను వేరుగా చూస్తోంది. ఆ చతురస్రం ఏమైందని అడిగే పథకం మాత్రం ఇంతవరకు ఒక్కటీ నా కంటబడలేదు.

చట్టంలో దాని ఊసు లేదా అంటే, ఉంది. 1976 నాటి బెంగళూరు అభివృద్ధి ప్రాధికార చట్టం ప్రకారం ఆ ప్రాధికార సంస్థ, అంటే బీడీఏ, వేసే లేఅవుట్‌లో కనీసం 15 శాతం నేల పార్కులకూ ఆటస్థలాలకూ, దానికి అదనంగా మరో 10 శాతం పౌర సౌకర్యాలకూ వదలాలి. ఈ రెండోదాన్నే ఇక్కడ అందరూ సీఏ (సివిక్ అమెనిటీ) సైటు అంటారు. బడి, ఆసుపత్రి, పోస్టాఫీసు లాంటివి రావలసింది అక్కడే. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం ఉంచిన నేలను ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే ఆ వీధుల వాళ్లు కోర్టుకెక్కారు, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును చెల్లదని కొట్టివేసింది. కొట్లాడడానికి వాళ్ల చేతిలో ఆమోదం పొందిన పథకపటం ఉంది, అందులో పార్కు అని ఉంది. మా దగ్గరున్నది జిరాక్సు కాగితం. వ్యవసాయ భూమిని మార్పిడి చేయించకుండానే ముక్కలు చేసి అమ్మిన రెవెన్యూ సైట్లలో ఆ 15 శాతమూ లేదు, 10 శాతమూ లేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో అక్కడ లేఅవుటే లేదు. అక్కడి జనం మాత్రం నిజంగానే ఉన్నారు.

2007లో ఏడు నగరసభలను, ఒక పురసభను, 110 గ్రామాలను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పాటు చేసినప్పుడు ఇలాంటి ఇళ్లు వేలకు వేలు నగరంలోకి వచ్చి పడ్డాయి. వాటిని అక్రమం అని తోసేయలేదు, సక్రమం అని ఒప్పుకోనూ లేదు. పన్ను వసూలు కోసం ఒక పక్క పుస్తకం తెరిచి అందులో రాసుకున్నారు, అదే బీ ఖాతా. ఆ 110 గ్రామాల కోసమని తలపెట్టిన కావేరి ఐదో దశ నీటి పథకం ప్రారంభమైంది 2024 అక్టోబరులో. అంటే నగరంలో కలిసిన 17 ఏళ్లకు నీళ్లు బయల్దేరాయి. పన్ను రసీదు మాత్రం మొదటి ఏడాది నుంచే వచ్చింది.

అదే 2007లో ఆమోదం పొందిన మాస్టర్ ప్లాన్ పేరు 2015. అంటే 2015 నాటికి నగరం ఎలా ఉండాలో చెప్పిన పత్రం. 2031 కోసం తయారు చేసిన ముసాయిదాను 2017లో ప్రజల ముందు పెట్టి, అభ్యంతరాలు స్వీకరించి, చివరకు వెనక్కి తీసుకున్నారు. కొత్తది రాలేదు కాబట్టి గడువు తీరిన పాత ప్లానే ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నగరాన్ని నడిపించింది. 2024 నాటి గ్రేటర్ బెంగళూరు చట్టంతో ఐదు నగరపాలికలు వచ్చాయి, మేము తూర్పు నగరపాలికలో పడ్డాం. బోర్డు మారింది, ముద్ర మారింది. పాలికె సభ్యుల పదవీకాలం 2020 సెప్టెంబరులో ముగిశాక ఐదేళ్లు దాటినా మా వీధికి కార్పొరేటర్ అనే మనిషి లేడు కాబట్టి, బడి స్థలం ఏమైందని అడగాలంటే తలుపు ఏదో కూడా తెలియదు.

ప్లాన్ వేయడం మానేసిన ఈ కాలమంతా ప్రభుత్వాలు ఊరుకోలేదు. కట్టేసినదాన్ని క్రమబద్ధం చేసే పనిలో తీరిక లేకుండా ఉన్నాయి. అక్రమ-సక్రమ అన్నారు. నివాస భవనాల్లో 50 శాతం దాకా ఉల్లంఘనను రుసుము కట్టించుకుని మన్నిస్తామన్నారు. హైకోర్టు సరేనంది, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది. 2025లో బీ ఖాతాను ఏ ఖాతాగా, అంటే సక్రమ ఆస్తుల ఖాతాగా మార్చే పథకం వచ్చింది, దానికి మార్గదర్శక విలువను, అంటే ప్రభుత్వం నిర్ణయించిన ఆస్తి ధరను బట్టి రుసుము కట్టాలి. నేను కడతాను, దాచుకునేదేమీ లేదు. బ్యాంకు రుణం కావాలన్నా, రేపు అమ్మాయి పేర రాయాలన్నా ఏ ఖాతా ఉండాల్సిందే. కానీ ఆ డబ్బు దేనికి పరిహారమో ఎవరైనా ఆలోచించారా? నేను అదనంగా మూడడుగులు కట్టుకున్నందుకు కాదు. నా సైటూ, నా పక్కవాడి సైటూ, మొత్తం 240 సైట్లూ కలిసి వదలవలసిన పావు వంతు నేలను వదలనందుకు. రుసుముతో నా కాగితం శుద్ధి అవుతుంది. ఆ పావు వంతు నేల ఎప్పటికీ రాదు, వచ్చే దారి ఆ పథకంలో లేదు.

ఇక కరెంటు సంగతి. కేంద్రం తెచ్చిన సూర్య ఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది, కోటి ఇళ్ల పైకప్పుల మీద సోలార్ పలకలు పెట్టాలన్నది లక్ష్యం. మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయలు సబ్సిడీ ఇస్తుంది. దానికి సుమారు 300 చదరపు అడుగుల మిద్దె చాలు, మా ఇంటి మీద అంతకంటే ఎక్కువే ఉంది. పలకలు పెట్టేవాళ్లను పిలిచాను. వచ్చిన కుర్రాడు హిందూపురం వాడు, మర్యాదస్తుడు, మిద్దె మీద అరగంట తిరిగి దక్షిణం వైపు చూపించి, ‘సార్, పదకొండు దాకా ఆ గోడ నీడ, మూడు దాటితే ఈ ట్యాంకు నీడ, మధ్యలో నాలుగు గంటల కోసం ఇంత డబ్బెందుకు?’ అన్నాడు. వరుసగా కలిపిన పలకల్లో ఒకదాని మీద నీడ పడితే మిగతా వాటి ఉత్పత్తీ తగ్గుతుందని అతనే చెప్పాడు. తన వ్యాపారాన్ని తానే వద్దనుకున్న అతణ్ణి చూసి నాకు ముచ్చటేసింది.

ఆ నీడ ఎక్కణ్ణుంచి వచ్చింది? పీజీ కట్టినాయన సెట్‌బ్యాక్, అంటే గోడకూ హద్దుకూ మధ్య ఖాళీ వదలకుండా, అనుమతించినదాని కంటే ఒక అంతస్తు ఎక్కువ లేపడం వల్ల వచ్చింది. రేపు ఆయనకూ క్రమబద్ధీకరణ దొరుకుతుంది, రుసుము కడతాడు. నీడ నా మిద్దె మీదే ఉంటుంది. సౌరవిద్యుత్తును ఒక శాఖ సబ్సిడీ పథకంగా చూస్తోంది, భవనాల ఎత్తును ఇంకో శాఖ జరిమానా విషయంగా చూస్తోంది. ఎండ కూడా ఆస్తేనని, పక్క గోడ ఎత్తు దాన్ని పంచుతుందని ఈ రెండు ఫైళ్లలో దేనిలోనూ లేదు.

నీడ లేదనుకున్నా లెక్క కుదరదు. మా ఇంట్లో మూడు మీటర్లు, కింద మేము, పైన రెండు కుటుంబాలు అద్దెకు ఉంటున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2022-23 నాటి సగటు వాడకానికి 10 శాతం కలిపి, 200 యూనిట్లు దాటకుండా కరెంటు ఉచితం. మూడు కుటుంబాల బిల్లూ సున్నా. ఆ పథకాన్ని నేను తిట్టను, పైన ఉండే అమ్మాయి ఆ మిగులుతోనే కుట్టుమిషన్ కంతు కడుతోంది. కానీ ఒక ప్రభుత్వం కరెంటు బిల్లు తీసేసి, ఇంకో ప్రభుత్వం బిల్లు తగ్గుతుంది రండి అని పలకలు పెట్టుకోమంటే మా బోటి చిన్న ఇంటివాడు ఎందుకు పెడతాడు? ఉచితానికి అర్హత ఉన్న ఇళ్ల మిద్దెలను ఇక్కడ కరెంటు సరఫరా చేసే బెస్కామే కౌలుకు తీసుకుని పలకలు పెట్టుకోవచ్చు కదా, ఇవ్వవలసిన 200 యూనిట్లలో కొంతైనా మా నెత్తి మీదే పుడతాయి.

కౌలు అన్న మాట ఊహించి అనలేదు. పావగడలో చూసి అన్నాను. మా మేనమామ కొడుకుది ఆ తాలూకాలోని తిరుమణి. పావగడ కర్ణాటకే అయినా మూడు వైపులా ఆంధ్ర చుట్టుకుని ఉన్న తాలూకా కాబట్టి అక్కడ ఇంటింటా తెలుగే. ఐదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. వర్షం మొహం చూడక ఏళ్లకేళ్లు బీడు పడ్డ ఆ నేలను ప్రభుత్వం లాక్కోలేదు, కొనలేదు. రైతుల దగ్గర కౌలుకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. మా బావ నోట పొగడ్తలు రావు. భూమిలేని కూలీలకు ఆ పార్కు ఏమీ ఇవ్వలేదని, గొర్రెలు మేపుకునే దారులు కంచెల్లో పోయాయని ఆయనే చెబుతాడు, అది నిజం కూడా. అయినా కౌలు డబ్బు వస్తోందని ఒప్పుకుంటాడు.

ఎంతోమంది చిన్న రైతులతో విడివిడిగా ఒప్పందాలు రాసుకుని, సర్వే చేసి, సబ్‌స్టేషన్లు కట్టి, ముందుగా ఒక ప్లాను వేసుకుని పని చేయడం ఈ ప్రభుత్వ యంత్రాంగానికి చేతనవుతుందని పావగడ రుజువు చేసింది. 150 కిలోమీటర్లకు పైగా దూరంలో కనిపించిన ఆ నేర్పు కృష్ణరాజపురానికి వచ్చేసరికి ఎటు పోతోంది? నగరంలో సైటు ధర ఆకాశంలో ఉంది కాబట్టి బడి కోసం కొనలేమంటారు. కొనమని ఎవరు అడిగారు?

బడి గురించి చెబుతాను. వీధి చివర ఆ పీజీ గోడలు కట్టినప్పటి నుంచి పరిచయమైన తాపీమేస్త్రి ఒకాయన ఉన్నాడు, కదిరి వైపు మనిషి, రేకుల గదిలో కాపురం. కూతురికి ఏడేళ్లు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు ఇలాంటి పిల్లలకే. అయితే కర్ణాటకలో 2019 నుంచి నిబంధన మారింది. దగ్గర్లో ప్రభుత్వ బడి గానీ ఎయిడెడ్ బడి గానీ ఉంటే ప్రైవేటు బడికి ఆ బాధ్యత వర్తించదు. సూత్రంగా ఇందులో తప్పేమీ లేదు, ప్రభుత్వ డబ్బు ప్రభుత్వ బడికే పోవాలని నేనూ నమ్ముతాను. చిక్కంతా ‘దగ్గర’ అన్న మాటలో ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఒక కిలోమీటరు అని నియమం. మ్యాపులో ఆ కిలోమీటరు చక్కగా సరిపోతుంది. పాత ఊరి బడి, చెరువు గట్టు దగ్గర, ఊరు ఊరుగా ఉన్నప్పుడు కట్టింది. దానికీ మేస్త్రి రేకుల గదికీ మధ్య పాత మద్రాసు రోడ్డు ఉంది.

‘బడి కిలోమీటరు లోపే ఉందంటారన్నా, నడిమధ్య హైవే ఉండేది ఎవురూ చెప్పరు. పొద్దున దాటించి, మధ్యాన్నం మళ్లీ పోయి దాటించుకొచ్చేకి నా సగం కూలీ పాయె’ అన్నాడు. ఇప్పుడా పిల్ల మూడు రోజులు వెళ్తే రెండు రోజులు మానుతోంది. కన్నడం ఏమైనా కష్టమవుతోందా అని అడిగాను, మా పాపకు 2015 నాటి కన్నడ భాషాభ్యాస చట్టం పుణ్యాన వచ్చిన కన్నడం కంటే ఆ పిల్లకు వీధిలో వచ్చిన కన్నడమే బాగుంది. భాష అడ్డం కాలేదు, రోడ్డు అడ్డమైంది. ఆ చతురస్రంలో పీజీ కాక బడి ఉండి ఉంటే ఆ పిల్ల దాటవలసింది ఒక్క మోరీ.

మా పాప మాత్రం బస్సులో తొమ్మిది కిలోమీటర్లు వెళ్లి ఫీజు బడిలో చదువుతోంది. ఉదయం ఏడుంబావుకు ఎక్కితే గంట ప్రయాణం. వీధిలోని అరవై డెబ్బై మంది పిల్లలను ఎనిమిది వేర్వేరు బస్సులు వచ్చి తీసుకెళ్తాయి. ట్రాఫిక్ మీద మంత్రులు మాట్లాడినప్పుడల్లా సొరంగ రోడ్డు గురించే వింటాను. ఈ ఎనిమిది బస్సులు ఎందుకు తిరుగుతున్నాయని అడిగినవాళ్లు కనబడలేదు.

ఇది చదివి, అక్రమ సైటులో కూర్చుని నీతులా అని ఎవరైనా అడగవచ్చు. అడగండి. ఓసీ, అంటే నివాసయోగ్యమన్న ధ్రువపత్రం లేని భవనాలకు కరెంటు, నీళ్లు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పినప్పుడు మా వీధిలో సగం ఇళ్లవాళ్లు నిద్రపోలేదు, 1,200 చదరపు అడుగుల దాకా ఉన్న చిన్న సైట్లకు రాష్ట్ర మంత్రివర్గం మినహాయింపు ఇచ్చాకే ఊపిరి పీల్చుకున్నాం. ఆ మినహాయింపు వల్ల మేలు పొందిన వాణ్ణే కాబట్టి అడుగుతున్నాను. మన్నింపుకు ఒక షరతు పెట్టండి. ఖాతా మార్పిడి రుసుములో నిర్ణీత భాగాన్ని ఏ వార్డులో వసూలైతే ఆ వార్డులోనే, ఉమ్మడి నేల కోసమే ఖర్చు చేయాలని ఉత్తర్వులో రాయండి. కొనడానికి చాలకపోతే పావగడలో లాగా కౌలుకు తీసుకోండి. అంగన్‌వాడీకి, ఐదో తరగతి దాకా బడికి రెండు సైట్లు చాలు. దాని మిద్దె మీద పలకలు పెట్టండి, దక్షిణాన ఎవరూ ఎత్తు లేపకుండా కొత్త మాస్టర్ ప్లాన్‌లో ఒక్క గీత గీయండి. కొత్త లేఅవుట్లకు 10 శాతం అని గట్టిగా చెప్పి, పాత లేఅవుట్లకు సున్నా శాతం దగ్గర ఆగిపోయే ప్రణాళిక మా బోటివాళ్లకు ఎందుకూ పనికిరాదు.

మా వీధిలో ఇంకా రెండు సైట్లు పక్కపక్కనే ఖాళీగా ఉన్నాయి, పిచ్చిచెట్లు మొలిచి ఉన్నాయి. యజమానులిద్దరూ ఊళ్లో లేరు. ఫోన్ చేసి మాట్లాడాం. ఒకాయన పదేళ్ల కౌలుకు సరేనన్నారు, రెండో ఆవిడ ప్రభుత్వం కాగితం రాసిస్తే ఆలోచిస్తానన్నారు. 31 మంది సంతకాలతో నగరపాలిక కార్యాలయంలో అర్జీ ఇచ్చాం, అది విద్యాశాఖకు ఇవ్వాలన్నారు. విద్యాశాఖకు ఇచ్చాం, స్థలం సంగతి నగరపాలికదే అన్నారు. రెండు రసీదులూ నా దగ్గర ఉన్నాయి. వచ్చే సోమవారం రెండింటినీ జతచేసి, ఆ పాత జిరాక్సు కాగితం కూడా పైన పెట్టి, మూడోసారి వెళ్తున్నాం. మేస్త్రి ఆ పూట కూలీ వదులుకుని వస్తానన్నాడు. మా లేఅవుట్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే పదిన్నరకు వీధి చివర, పీజీ గేటు ముందు కలవండి.