మగశాఖ రద్దుకు ఒక ప్రతిపాదన

జీవకోటి పొదుపు పాటించవలసిన సమయం వచ్చింది. సంతానం కనే పనికి ఇద్దరిని నియమించి, అందులో ఒకరికి కనే శక్తే ఇవ్వకపోవడం మరే వ్యవస్థలోనూ కనబడని విడ్డూరం. జాన్ మేనార్డ్ స్మిత్ అనే పరిణామ శాస్త్రజ్ఞుడు 1970లలోనే ఈ దుబారాను లెక్కగట్టాడు: మగతోడు లేకుండా ఆడపిల్లలనే కనే జీవి వంశం, సంతానంలో సగాన్ని మగపిల్లలకు కేటాయించే పొరుగు జీవి వంశంతో పోలిస్తే తరతరానికీ రెండింతల వేగంతో పెరుగుతుంది. ఆ సగాన్ని మిగుల్చుకోమని చెప్పడానికి మగవాణ్నయిన నేనే ముందుకు వచ్చానంటే, నా నిష్పాక్షికతను పాఠకులు శంకించరనుకుంటాను.

అమీబాను చూడండి. తోడు కోసం వెతకదు, అలగదు. ఒళ్లు పెరగగానే నడిమికి నొక్కుకుని రెండవుతుంది. ఎవరు తల్లి, ఎవరు బిడ్డ అన్న తగవుకు తావే లేదు. ఈ-కోలై బాక్టీరియా అన్నీ అనుకూలిస్తే 20 నిమిషాలకొకసారి రెండవుతుంది. ఆ లెక్కన 24 గంటలలో 72 తరాలు గడిచి, ఒక్క కణం సంతతి 4 పక్కన 21 సున్నాలు పెట్టినా చాలనంత అవుతుంది. (అంతలోపే తిండి అయిపోతుందన్నది వేరే సంగతి.)

ఇక లైంగిక ప్రత్యుత్పత్తి పద్దు తెరిస్తే గుండె చెరువవుతుంది. మగనెమలి మోసే ఆ తోక వల్ల ఎగరడమూ కష్టమే, దాగడమూ కష్టమే. అందులోని ఈకను చూసినప్పుడల్లా తనకు వికారం పుడుతుందని డార్విన్ అంతటివాడు 1860లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు ఉత్తరం రాశాడు. లోతు సముద్రపు ఆంగ్లర్ చేపలలో కొన్ని జాతులు మాత్రం ఈ శాఖను సరైన పరిమాణానికి కుదించాయి: చిన్నపాటి మగచేప ఆడచేపను కరిచి పట్టుకుని, దాని చర్మంలోనూ రక్తనాళాలలోనూ కలిసిపోయి, శుక్రకణాలు అందించే ఒక అవయవంగా మిగిలిపోతుంది.

నా ప్రతిపాదనకు అడ్డు తగిలేది బంగాళాదుంప. ఐర్లండులో విరివిగా వేసిన లంపర్ రకం దుంపల నుంచే మొలిచేది గనుక ప్రతి మొక్కా పక్కదానికి నకలే. 1845లో ఫైటోఫ్థోరా తెగులు వచ్చి ఒక మొక్క గుట్టు పట్టేసరికి, దేశమంతటి లంపర్ పంట గుట్టూ దాని చేతికి చిక్కింది. దానికి పాలకుల ఉదాసీనత తోడై, ఆ తరువాతి కొద్ది ఏళ్లలో సుమారు 10 లక్షల మంది ఆకలికీ రోగాలకూ బలయ్యారు. ఇద్దరు కలిసి కనే పద్ధతిలో తెగులుకు ఇంత సుఖం ఉండదు. మనిషినే తీసుకుంటే, క్షయకరణ విభజనలో, అంటే బీజకణాలు తయారయ్యే కణవిభజనలో, 23 జతల క్రోమోజోములు విడిపోయే తీరులోనే ఒక్కొక్కరి బీజకణాలకు 83,88,608 కూర్పులు సాధ్యం. జత క్రోమోజోములు తమలో తాము జన్యువులు మార్చుకోవడాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోనేలేదు. తాళం తరానికొకసారి మారుతుంటే పరాన్నజీవి పాత తాళంచెవితో ఏం చేసుకుంటుంది? మగనెమలి తోక ఖర్చు ఈ తాళాల పద్దు కింద రాయాలని కొందరంటారు. నాకు ఇష్టం లేకపోయినా, లెక్క సరిపోతున్నది.

అందుచేత మధ్యేమార్గంగా పేనుబంక విధానాన్ని సూచిస్తున్నాను. చలి దేశాలలో ఈ పురుగు వసంతం నుంచి వేసవి దాకా మగవాటి ఊసెత్తకుండా ఆడపిల్లలనే కంటుంది; పుట్టబోయే పిల్ల కడుపులో అప్పటికే దాని పిల్ల ఎదుగుతూ ఉంటుంది. పగళ్లు కురచయ్యాక మాత్రం మగవాటిని కూడా కని, జతకట్టి, చలికి తట్టుకునే గుడ్లు పెడుతుంది. మగశాఖను ఇలా ఏటా ఒక రుతువుకే నియమిస్తే చాలు.

పూర్తి రద్దే కావాలనేవారు ఫ్లోరాను ఆదర్శంగా చూపుతారు. ఇంగ్లండులోని చెస్టర్ జంతుప్రదర్శనశాలలో ఉన్న ఈ కొమోడో డ్రాగన్ మగతోడు ఎరుగకుండానే గుడ్లు పెట్టిందని 2006లో తేలింది. కాకపోతే ఆ జాతిలో లింగ క్రోమోజోములు రెండూ ఒకే రకమైతే మగ, వేరువేరైతే ఆడ. ఒంటరి తల్లి తన క్రోమోజోముల సరుకునే రెట్టించి కన్నప్పుడు బతికేవి మగవే. ఆ గుడ్ల నుంచి వెలువడిన పిల్లలన్నీ మగపిల్లలే. రద్దు బాధ్యతను ఎవరికి అప్పగించాలన్న దగ్గర నా ప్రతిపాదన ప్రస్తుతానికి ఆగి ఉంది.