డబ్బు మనది, తాళం స్టూడియోది

అమలాపురంలో పెళ్లి. పెళ్లికూతురి మేనత్త కువైట్‌లో, బాబాయి మస్కట్‌లో. ఇద్దరికీ సెలవు దొరకలేదు. ఒకప్పుడైతే సీడీ చేతికి వచ్చేదాకా ఆగాల్సిందే. ఇప్పుడు స్టూడియోవాళ్లు వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కితే చాలు, జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి అప్పగింతల దాకా అన్నీ ఫోన్‌లో కళ్లారా చూడొచ్చు. గల్ఫ్‌కి మనుషుల్ని పంపని ఊళ్లు తక్కువగా ఉన్న ఈ డెల్టాలో ఇది చిన్న సుఖం కాదు. దాన్ని వద్దనమని మేం చెప్పడం లేదు.

అయితే ఆ లింకు ఎవరి ఛానెల్‌దో ఒకసారి చూడండి. చాలా సార్లు అది స్టూడియోదే. యూట్యూబ్‌లో 12 గంటల లోపు సాగిన లైవ్, పందిరి విప్పాక కూడా ఆ ఛానెల్లో వీడియోగా నిలిచిపోతుంది. దాన్ని తీసేయాలన్నా, బయటివాళ్లకు కనపడకుండా చేయాలన్నా ఛానెల్ లాగిన్ ఉన్నవాళ్ల వల్లే అవుతుంది. డబ్బు కట్టిన ఇంటివాళ్లు స్టూడియోకి ఫోన్ చేసి బతిమాలుకోవాలి.

పెళ్లి సంగతి ఎలా ఉన్నా, మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నవి రజస్వల ఫంక్షన్ వీడియోలు. పన్నెండు, పదమూడేళ్ల పిల్ల. మంగళస్నానం చేయిస్తున్నప్పుడు పసుపు నీళ్లతో తడిసిన బట్టల్లో సిగ్గుపడుతూ కూర్చుంటుంది. ఒకప్పుడు అక్కడికి మగవాళ్లను రానిచ్చేవారు కాదు. ఇప్పుడు ఆ దృశ్యం పాటతో సహా, పిల్ల పేరు, ఇంటిపేరు, ఊరుపేరు టైటిల్‌లో పెట్టి మరీ అందరికీ కనిపించేలా ఛానెల్లో ఉంటోంది. ఎవరు చూస్తున్నారో, ఎందుకు చూస్తున్నారో తల్లిదండ్రులకు తెలిసే దారి లేదు. నాలుగైదేళ్లకు ఆ పిల్ల భీమవరంలోనో కాకినాడలోనో ఇంజినీరింగ్‌లో చేరుతుంది. తోటివాళ్లు ఎవరో పేరు కొట్టి వెతుకుతారు. ఆ టెన్షన్ పడేది ఆ పిల్ల ఒక్కతే. వీడియో పెట్టిన రోజు ఆమెను అడిగిన వాళ్లు లేరు.

స్టూడియోవాళ్లు చెడ్డవాళ్లని మేం అనడం లేదు. పోటీ ఎక్కువ, కెమెరాలకీ డ్రోన్‌లకీ అప్పులు చేసి ఉంటారు, ఛానెలే వాళ్లకు విజిటింగ్ కార్డు. అయినా చట్టం ఎటువైపు ఉందో వాళ్లకూ తెలియాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకైనా ఫిల్మ్‌కైనా, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు రసీదు వెనక ఏం రాసి ఉందో చదవాలి. ‘ప్రచారానికి వాడుకుంటాం’ అన్న ఒక్క వాక్యం ఉన్నా సంతకానికి ముందే కొట్టేయించాలి. లైవ్‌ను ఇంట్లోవాళ్ల ఛానెల్ నుంచే ఇమ్మని అడగొచ్చు. ఛానెల్ తెరవడానికి పైసా ఖర్చు లేదు. మొదటిసారి లైవ్ ఇవ్వడానికి అనుమతి రావాలంటే ఒక రోజు పట్టవచ్చు గనుక నాలుగు రోజుల ముందే చూసుకుంటే సరి.

‘అన్‌లిస్టెడ్’ అని పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లూ ఉన్నారు. అన్‌లిస్టెడ్ వీడియో వెతికితే దొరకదు, నిజమే. కానీ లింకు ఉన్న ప్రతివాళ్లూ చూడొచ్చు, ఇంకొకరికి పంపొచ్చు. బంధువుల గ్రూపులో పడిన లింకు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ‘ప్రైవేట్’ అయితే మనం ఆహ్వానించిన మెయిల్ ఖాతాలకే తెరుచుకుంటుంది. లైవ్ రోజున అన్‌లిస్టెడ్‌గా ఉంచి, వారం తిరిగాక ప్రైవేట్‌లోకి మార్చడం మంచిది. అప్పటికే ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకున్న కాపీ మాత్రం మన చేతికి తిరిగి రాదు. అందుకే స్నానం, బట్టలు మార్చడం లాంటివి అసలు కెమెరాకే చిక్కనివ్వకూడదు.

స్టూడియో మాట వినకపోతే యూట్యూబ్‌కే ప్రైవసీ ఫిర్యాదు పెట్టవచ్చు. మైనర్ల తరఫున తల్లిదండ్రులూ పెట్టవచ్చు. వీడియోలో అసభ్య మార్పులు చేసి తిప్పుతున్నా, బెదిరిస్తున్నా ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆ లింకులు, స్క్రీన్‌షాట్లు చెరిపేయకుండా దాచాలి. పరువు పోతుందని ఇంట్లోనే నొక్కిపెట్టేస్తే బెదిరించేవాడికి బలం పెరుగుతుంది. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కు అంది. ఆ హక్కు పదమూడేళ్ల పిల్లకూ ఉంది.

రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా ఊరూరా ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఉన్నాయి. వాళ్లను మేం కోరేది ఒకటే. రజస్వల వీడియోలు పబ్లిక్‌గా పెట్టబోమని తీర్మానం చేయండి. ఛానెళ్లలో ఇప్పటికే ఉన్నవాటిని వచ్చే ముహూర్తాల బుకింగులు మొదలయ్యేలోపు తీసేయండి. ఏ తల్లో వచ్చి అడిగేదాకా ఆగొద్దు.